లేహ్ గోంపాల్లో మన నాగార్జునుడు

లేహ్‌కి విమానాలు ఎక్కువగా పొద్దుటి పూటే ఉంటాయి. మధ్యాహ్నానికి కొండల మధ్య గాలి బలపడుతుంది, దిగడం కష్టమవుతుంది. ఢిల్లీలో తెల్లవారుజామున ఎక్కిన మేము టిఫిన్ వేళకల్లా సింధు లోయలో ఉన్నాం. ఇక్కడి విమానాశ్రయానికి కుశోక్ బకులా రింపోచే పేరు పెట్టారు. ఆయన స్పితుక్ గోంపా (గోంపా అంటే బౌద్ధ మఠం) పీఠాధిపతి. లద్దాఖ్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన భిక్షువు, 1990 నుంచి పదేళ్లు మంగోలియాలో మన దేశ రాయబారి. రన్‌వేకి దగ్గర్లో గుట్ట మీద తెల్లగా కనిపించేది ఆ స్పితుక్ గోంపాయే.

లేహ్ 11,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కకి బీపీ. గుంటూరులో డాక్టరుని అడిగాకే టికెట్లు కొన్నాం. బస చేసిన ఇంటావిడ గుమ్మంలోనే ఎదురొచ్చి, "అమ్మా, ఒంటికి అలవాటు పడేదాకా మెట్లెక్కొద్దు, నీళ్లు తాగుతూ ఉండండి" అని హిందీలో చెప్పింది. ఆవిడ మాట వినడం ఎంత మంచిదైందో తర్వాత తెలిసింది. గోంపాలన్నీ దాదాపు గుట్టల మీదే, అన్నిటికీ మెట్లే.

కాస్త కుదురుకున్నాక థిక్సే గోంపాకి వెళ్లాం. లేహ్ నుంచి 19 కిలోమీటర్లు. పొద్దుటి ప్రార్థన చూడాలంటే చీకటితోనే బయల్దేరాలన్నాడు డ్రైవరు. సెప్టెంబరే అయినా చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. పన్నెండు అంతస్తుల కట్టడం కొండ వాలంతా పరుచుకుని ఉంటుంది. మేం పైకి చేరేసరికి మిద్దె మీద ఇద్దరు భిక్షువులు లోయ వైపు తిరిగి శంఖాలు ఊదుతున్నారు. కింద పొలాల్లో అప్పుడే వెలుగొస్తోంది.

లోపల భిక్షువులు పొట్టి బల్లల ముందు వరసలుగా కూర్చున్నారు. ప్రతి బల్ల మీదా గుడ్డలో చుట్టిన గ్రంథం. మన తాళపత్రాల్లాగే పొడవుగా, కుట్టులేని విడి కాగితాలు. చదివిన కాగితాన్ని ఎత్తి బోర్లా పక్కన పెడతారు. గొంతులన్నీ ఛాతీలోంచి వస్తున్నట్టు మంద్రంగా సాగుతుంటే మధ్యలో డప్పు, తాళాలు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్ల భిక్షువులు తమ నడుము దాకా వచ్చే కెటిళ్లు మోసుకుంటూ పరిగెత్తి అందరికీ టీ పోస్తున్నారు. వాళ్లలో ఒకడు మా దగ్గరికీ వచ్చాడు. వెన్న, ఉప్పు వేసిన ఆ టీ పలచటి రాగిజావలా గొంతులోకి వెచ్చగా దిగింది. మా పక్కన కూర్చున్న పెద్దాయన గిన్నెలో బార్లీ పిండి వేసుకుని, దాని మీద టీ పోసి, చూపుడు వేలితో కలిపి ముద్ద చేసి తిన్నాడు. చదవడం మాత్రం ఆపలేదు.

ప్రార్థన అయ్యాక ఆయనే మమ్మల్ని పలకరించాడు. ఎక్కడి నుంచి అని అడిగితే అక్క గుంటూరంది. "అమరావతి దగ్గరా?" అన్నాడు వెంటనే. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష (టిబెటన్ బౌద్ధంలో ఒక తంత్ర దీక్ష) ఇచ్చినప్పుడు ఈయన రైలెక్కి వచ్చాడట. కృష్ణ ఒడ్డు, గుడారాలు, జనవరిలో కూడా పట్టిన చెమట, అన్నీ గుర్తున్నాయి. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని వీళ్ల సంప్రదాయం. ఆ ధాన్యకటకం మన అమరావతి, ధరణికోటల నేల.

"అక్కడి స్తూపం దగ్గర ఇప్పుడు ఎవరుంటారు?" అని అడిగాడు.

అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. దిబ్బ మిగిలింది, చుట్టూ కంచె ఉంది, పక్కన మ్యూజియం ఉంది, చెక్కిన పలకలు చాలా వరకు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. ఆయన తలూపి, మమ్మల్ని గోడకి వేలాడుతున్న ఒక థాంకా, అంటే గుడ్డ మీద వేసిన బౌద్ధ చిత్రం, దగ్గరికి తీసుకెళ్లాడు. పట్టు అంచుల మధ్య కూర్చున్న ఆచార్యుడు, తల వెనక పాములు పడగ విప్పి ఉన్నాయి. "నాగార్జునుడు. మా చదువంతా ఈయనతోనే" అన్నాడు.

నాకు గొంతు పట్టేసింది. నాగార్జునకొండకి స్కూలు పిల్లలుగా లాంచీలో వెళ్లాం. డ్యామ్ నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసినవి అద్దాల వెనక చూశాం, పేర్లు రాసుకున్నాం, పరీక్షల్లో మార్కులు తెచ్చుకున్నాం. నాగార్జునుడంటే మాకు ఒక సాగరం, ఒక ఎక్స్‌ప్రెస్ రైలు. ఆయన రాసిన మూలమధ్యమక కారికను టిబెటన్ భాషలో కంఠతా పట్టే పిల్లలు ఇంత ఎత్తున మంచు కొండల్లో ఉన్నారు. మన బడుల్లో ఆ కారికల్లో ఒక్కటైనా తెలుగులో చెబితే బాగుండునని అక్కడ నిలబడే అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

థిక్సేలో తప్పక చూడాల్సింది మైత్రేయుడి, అంటే రాబోయే బుద్ధుడి, విగ్రహం. 1970లో దలైలామా ఇక్కడికి వచ్చినందుకు గుర్తుగా చేశారు. ఎత్తు 15 మీటర్లు, అంటే రెండంతస్తులు. మనం పై అంతస్తులోంచి లోపలికి వెళ్తాం కాబట్టి ముందు ముఖం, ఆ కిరీటం మీది బొమ్మలు కళ్లకెదురుగా కనిపిస్తాయి. పాదాల దగ్గర నిలబడి తలెత్తి చూడటం అలవాటైన మనకి అది కొత్త చూపు.

షే, హెమిస్ గోంపాలు కూడా చూశాం. షేలో 17వ శతాబ్దపు రాగి బుద్ధుడు బంగారు పూతతో మెరుస్తున్నాడు. హెమిస్ పేరు టిబెట్‌కి బౌద్ధాన్ని తీసుకెళ్లిన గురువు పద్మసంభవుడి జయంతికి జరిగే ముసుగు నాట్యాలతో మారుమోగుతుంది. మేం వెళ్లినప్పుడు పండగ లేదు, పెద్ద ముంగిలి ఖాళీగా ఉంది. పండగకే వెళ్లాలి.

నా మనసు మాత్రం ఆల్చి గోంపాలో ఉండిపోయింది. లేహ్ నుంచి పడమటికి, నిమ్ము దగ్గర సింధు, జన్‌స్కార్ కలిసే చోటు దాటి వెళ్లాలి. ఇది గుట్ట మీద లేదు. సింధు ఒడ్డున, ఖుబానీ చెట్ల మధ్య, ఊరితో కలిసిపోయి ఉంటుంది. బాగోగులు లికిర్ గోంపా భిక్షువులు చూస్తారు. అక్కడి మూడంతస్తుల సుమ్‌చెక్ ఆలయం సుమారు 800 ఏళ్ల నాటిది. ఫొటోలు తీయనివ్వరు, మంచిదే. లోపల చీకటి. మూడు గోడల గూళ్లలో అవలోకితేశ్వరుడు, మైత్రేయుడు, మంజుశ్రీ అనే బోధిసత్వుల విగ్రహాలు నిలబడి ఉన్నాయి. తలలు పై అంతస్తులోకి వెళ్లిపోతాయి, మనకి బాగా కనిపించేది నడుము కింది భాగమే. టార్చి వేస్తే ఆ పంచెల మీద ఒక లోకం. అవలోకితేశ్వరుడి పంచె మీద కశ్మీరు గుళ్లు, భవనాలు, రాచకొలువులు. మైత్రేయుడి పంచె మీద బుద్ధుడి జీవితం. మంజుశ్రీ పంచె మీద సిద్ధులు. బొమ్మ వేసింది కశ్మీరీ చేతులే. ఆనాటి కశ్మీరు గుళ్ల గోడల మీది చిత్రాలు కశ్మీరులో మిగల్లేదు, ఇక్కడ మిగిలాయి.

"ఏరా, ఈ చీర అంచు చూడు" అంటూ అక్క ఆకుపచ్చ తార దేవత బొమ్మ ముందు నుంచి కదల్లేదు. నేను పైకప్పు కిందికి టార్చి తిప్పాను. గోడ మీదుగా మట్టి రంగు చారలు దిగి ఉన్నాయి. ఏడాదికి నాలుగంగుళాల వాన పడే చోట కట్టిన మట్టి మిద్దెలివి. 2010 ఆగస్టులో లేహ్ మీద పడ్డ కుంభవృష్టి లాంటిది ఇక్కడ పడితే ఈ రంగులు ఎంతసేపు ఆగుతాయి? తాళంచెవులు పట్టుకున్న భిక్షువుని అడిగితే, చలికాలంలో మిద్దె మీది మంచు ఎప్పటికప్పుడు తోసేస్తామని, మట్టి మళ్లీ మెత్తుతామని చెప్పాడు.

చాలామంది ఆల్చిని గంటలో చూసి వెనక్కి తిరుగుతున్నారు. అలా చేయకండి. ఊళ్లోనే బస దొరుకుతుంది. ఒక రాత్రి ఉండండి, బస్సుల జనం రాకముందు పొద్దున్నే సుమ్‌చెక్‌కి వెళ్లండి, మంచి టార్చి తీసుకెళ్లండి. ఒక్కో పంచె ముందు కనీసం పావుగంట కూర్చోండి.