మట్టెద్దుల ఊరి నుంచి బెలుం గుహల దాకా

జ్యేష్ఠ మాసంలో వచ్చే అమావాస్యను కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో మట్టెద్దుల అమావాస్య అంటారు. ఏరువాక పున్నమి నాడు కొట్టంలోని ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి పూజ చేస్తారు. ఆ తర్వాత వచ్చే అమావాస్యకు మట్టితో ఎద్దులు చేసి, దేవుడి గూట్లో పెట్టి మొక్కుతారు. కన్నడ సీమలోనూ ఈ పండగ ఉంది. ఆదోని, ఆలూరు వైపు రెండు భాషలూ ఇళ్ళలో కలిసే వినిపిస్తాయి, పండగలూ అంతే.

నేను కడపలో పిల్లలకు డ్రాయింగ్ చెప్తాను. మా తమ్ముడు హైదరాబాదులో సౌండ్ రికార్డింగ్ పని చేస్తాడు. ఈమధ్య వాడికి నేల శబ్దాల మీద ధ్యాస పడింది. ఎద్దులు చేయడం నేను చూడాలి, ఆ మట్టిని వాడు వినాలి. ఇద్దరం కడపలో రైలెక్కాం. యర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు దాటి ఆదోని. తిరుగు ప్రయాణంలో ఇదే దారిలో తాడిపత్రిలో దిగి, నేల అడుగున తట్టితే మోగే రాళ్ళున్న బెలుం గుహలకు వెళ్ళాలనుకున్నాం.

ఆదోని నుంచి ఆటోలో నాతో పనిచేసే టీచరు పుట్టింటికి చేరాం. వాళ్ళ నాయనమ్మను ఊరంతా అవ్వ అనే పిలుస్తుంది. మేం వెళ్ళేసరికి వసారాలో తడిగుడ్డ కప్పిన మట్టి ముద్ద ముందు కూర్చుని ఉంది. ముందురోజే చెరువులోంచి మనవళ్ళు తెచ్చిన బంకమట్టి అది. రాళ్ళూ వేర్లూ ఏరేసి, నీళ్ళు చిలకరించి, మడమతో తొక్కి మెత్తగా చేశారు.

అవ్వ చేతిలో ఎద్దు తయారవడం చూడాల్సిందే. ముద్దను అరచేతుల మధ్య కోలగా చేసి, కింద నాలుగు చోట్ల లాగితే కాళ్ళొచ్చాయి. ముందు కొస నొక్కితే మొహం. బొటనవేలితో వీపు మీది మట్టిని పైకి తోస్తే మూపురం లేచింది. మెడ కింద రెండు వేళ్ళతో చిదిమితే గంగడోలు. కళ్ళకు రెండు జొన్నగింజలు గుచ్చింది. పక్కనే చిన్న మేత తొట్టి చేసి అందులో కూడా నాలుగు గింజలు వేసింది.

“మొగం ఎట్లున్నా ఏం కాదు మ్మా, మూపురం మాత్రం నిలబడల్ల. కాడి మోసేది అదే కదా” అంది.

నాకు ఆ మాట చాలా నచ్చింది. బొమ్మలో ఏది ముఖ్యమో ఆమెకు చేలో పనే నేర్పింది. చుట్టూ కూర్చున్న పిల్లలు చేసిన ఎద్దుల్లో ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదానికి కొమ్ములు దుప్పి కొమ్ముల్లా ఉన్నాయి, ఇంకొకటి పొట్ట బరువుకు కూలబడింది. ఎవరూ సరిదిద్దలేదు. మా బళ్ళో పిల్లలకు ప్యాకెట్లో వచ్చే రంగుల క్లే ఇచ్చి ఏనుగు చేయమంటాం. అది ఏ చెరువుదో, ఏ కాలంలో మెత్తబడుతుందో వాళ్ళకు తెలిసే దారి లేదు. ఈ పిల్లలకు మాత్రం ఏ మట్టి పగులుతుందో, ఏది పట్టు నిలుస్తుందో వేళ్ళకే తెలుసు. సీమ పల్లెల్లో నాగుల చవితికి పుట్టమన్ను, వినాయక చవితికి చెరువుమట్టి, ఈ అమావాస్యకు బంకమట్టి. ఏడాదిలో ఇన్నిసార్లు చేతికి మట్టి అంటించే చదువు ఇంకెక్కడుంది? డ్రాయింగ్ టీచరుగా ఈ మాట గట్టిగానే అంటాను.

సాయంత్రం ఓళిగలు (బొబ్బట్లు) నైవేద్యం పెట్టారు. మరుసటి రోజు పిల్లలు పీట మీద ఎద్దును పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే గింజలూ చిల్లరా పెట్టారు. ఆ తర్వాత వాటిని చేని గట్టున పెట్టి వస్తారట. వానకు కరిగి చేలో కలిసిపోతాయి. కళ్ళకు పెట్టిన జొన్నలు ఒక్కోసారి మొలుస్తాయని అవ్వ చెప్పింది. మ్యూజియంలో దాచాల్సిన అవసరమే లేని శిల్పం ఇది. వచ్చే ఏడాది మళ్ళీ అదే మట్టి, కొత్త చేతులు.

మబ్బు పట్టి ఉన్నా ఆ ఉదయం వాన లేదు. రెండు రోజుల కిందటి వాన పదును, అంటే నేలలో తడి, ఇంకా ఉందని అవ్వ కొడుకు కొర్ర విత్తడానికి గొర్రు కట్టాడు. ఊళ్ళో ఎక్కువ మంది ట్రాక్టరు పెట్టుకుంటారు. వీళ్ళకు మాత్రం ఒక జత ఎద్దులు ఉన్నాయి. వెనక నడుస్తూ కోడలు గొర్రు పైనున్న జడ్డిగం గిన్నెలో విత్తనం పోస్తుంటే వెదురు గొట్టాల్లోంచి గింజలు సన్నగా గలగలమంటూ దిగుతున్నాయి. తమ్ముడు మైకు పట్టుకుని ఆమె వెంటే నడిచాడు. ఉన్నట్టుండి ఆమె “ఆపు మామా” అని కేకేసింది. వంగి, ఒక గొట్టం మూతికి అడ్డం పడిన మట్టిపెళ్ళను గోటితో తీసేసింది. కళ్ళతో చూసి కనిపెట్టింది కాదది. ఒక గొట్టం శబ్దం తగ్గిందని చెవికే తెలిసింది. తమ్ముడు ఆ రికార్డింగ్‌ను రాత్రి మళ్ళీ మళ్ళీ విన్నాడు. మూడో నాలుగో సార్లు విన్నాక గానీ ఆ తేడా నా చెవికి అందలేదు.

పొద్దెక్కాక వాడు అసలు సరంజామా తీశాడు. పొడవాటి ఇనుప కడ్డీ, దాని తలకు అంటించిన చిన్న ఇత్తడి బిళ్ళ. పిజో అంటారు దాన్ని. గాలిలో వచ్చే మోత దానికి దాదాపు అందదు, కడ్డీ తాకిన చోటి అదురునే పట్టుకుంటుంది. స్విట్జర్లాండ్‌లో మార్కస్ మేడర్ అనే కళాకారుడు ఇలాగే నేలలోకి మైకులు దించి, రైతులకూ మామూలు జనానికీ మట్టి లోపలి శబ్దాలు వినిపిస్తున్నాడు. నేలలో జీవం ఎన్ని రకాలుగా ఉంటే శబ్దాలూ అన్ని రకాలుగా ఉంటాయన్నది ఆ పని వెనకున్న ఆలోచన. అంతకు చాలా ముందే, 1960ల చివర్లో, కెనడా సంగీతకారుడు మర్రే షేఫర్ ఒక చోటి శబ్దాలన్నిటినీ కలిపి ఆ చోటి రూపంగా వినాలని చెప్పి, సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ఒక బృందాన్ని నడిపాడు. తమ్ముడికి వీళ్ళిద్దరూ గురువుల్లాంటి వాళ్ళు.

గట్టు పక్కన, ఏటా పెంట ఎరువు తోలే చోట కడ్డీ దించాం. హెడ్‌ఫోన్లలో మొదట ఏమీ లేదు. చెవి కుదుటపడ్డాక చిటపటలు, గీరుళ్ళు, మధ్యలో ఏదో బరువుగా జరిగిన చప్పుడు. చీమలో, పేడపురుగులో, వానపాములో, ఏది ఏదో విడదీసి చెప్పలేం. ఎదురుగా ఉన్న పత్తి చేలో పెడితే దాదాపు నిశ్శబ్దం. “ఒక్కసారి విని తీర్పు చెప్పకూడదక్కా. పదును వేరు, దున్నిన రోజు వేరు, ఎండ వేరు. ఏడాది పొడవునా వినాలి” అన్నాడు తమ్ముడు. వాడి జాగ్రత్త సరైనదే.

అవ్వ తలకు హెడ్‌ఫోన్లు పెట్టాం. చాలాసేపు కళ్ళు మూసుకుని వినింది.

“లోపల పని జరగతానే ఉండాది. మనం పండుకున్నా వాళ్ళు పండుకోరు” అంది. తర్వాత కొడుకును పిలిచి వినమంది, కోడలిని పిలిచింది, పక్క చేను వాళ్ళనీ కేకేసి రమ్మంది. బ్యాటరీ అయిపోయే దాకా ఆ గట్టు దగ్గర వంతులు వేసుకుని విన్నారు.

తాడిపత్రి గురించి కొంచెమే చెప్తాను, అక్కడ మాకు దొరికిన సమయం తక్కువ. పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరుడి గుడిని విజయనగర రాజుల సామంతులైన పెమ్మసాని నాయకుల కాలంలో, 1490-1509 మధ్య కట్టారు. లింగం దగ్గర ఎప్పుడూ నీటి ఊట ఉంటుంది, బుగ్గ అన్న పేరు అందుకే. విష్ణువు సన్నిధి ముందున్న ఏడు చిన్న స్తంభాలు మీటితే ఏడు స్వరాలు పలుకుతాయని ప్రతీతి. మేం మీటలేదు. ఐదు వందల ఏళ్ళ రాయిని వచ్చిన ప్రతివాడూ తట్టి చూస్తే ఎన్నాళ్ళు నిలుస్తుంది?

తాడిపత్రి నుంచి బెలుం సుమారు 30 కిలోమీటర్లు. కొలిమిగుండ్ల మండలం అది. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. దారి పొడవునా నాపరాళ్ళ గుట్టలు, సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. గుహలకు కొండ ఎక్కాలనుకుంటారు చాలామంది. కొండే లేదు. చదునైన చేల మధ్య, బావిలా కనిపించే గుంటలోంచి మెట్లు దిగడమే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. 1982-83లో డేనియల్ గెబాయర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. జనాన్ని లోపలికి అనుమతించింది 2002లో.

లోపల ఉక్క. చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. అందులో సప్తస్వరాల గుహ అనే గదిని 2006లో తెరిచారు. పైనుంచి తెరల్లా వేలాడే రాళ్ళను చెక్కపుల్లతో తట్టినా, వేలి కణుపుతో తట్టినా లోహం మోగినట్టు పలుకుతాయి. గైడు ఒకే ఒకచోట, వేలి కణుపుతో, మెల్లగా తట్టి వినిపించాడు. వెంట వచ్చిన కుర్రాళ్ళు తామూ తడతామంటే ఒప్పుకోలేదు. ఆయనకు మనసులో దండం పెట్టాను. ఇలాంటి రాయి ఏడాదికి పెరిగేది మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లోనే. అమెరికాలో వర్జీనియాలోని లూరే గుహల్లో లీలండ్ స్ప్రింకిల్ అనే ఆయన 1956లో ఇలాంటి రాళ్ళకు రబ్బరు సుత్తులు కట్టి, కీబోర్డుతో వాయించే పెద్ద వాద్యాన్నే తయారుచేశాడు. శ్రుతి కుదరని రాళ్ళను అరగదీశాడు. తెలివైన పనే, కాదనను. కానీ రాయి శ్రుతి మనం దిద్దాల్సిందని నాకు అనిపించదు.

తమ్ముడు ఏదీ తట్టకుండా మైకు పెట్టి, జనం ముందుకు వెళ్ళేదాకా ఆగాడు. నీటిబొట్లు. ఒకటి త్వరగా, ఒకటి తాపీగా, దూరంగా మూడోది. ఆ బొట్టే ఈ రాళ్ళను చేసింది. వాన నీరు పైనున్న మట్టిలోంచి దిగుతూ, వేర్లూ సూక్ష్మజీవులూ వదిలిన బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. అలా సున్నపురాయిని కరిగించుకుని, గుహ గాలి తగలగానే ఆ వాయువును వదిలేసి, సున్నాన్ని పొరగా పేరుస్తుంది. పైన మట్టి బతికి ఉంటేనే కింద రాయి పెరుగుతుంది. ఆదోని దగ్గర గట్టులో విన్న చిటపటలకూ, ఇక్కడి స్వరానికీ మూలం ఒకటేనని అప్పుడు అర్థమైంది. అక్కణ్ణుంచి పాతాళగంగ దాకా వెళ్ళాం. నేల మట్టానికి 46 మీటర్ల లోతున నీళ్ళు కనిపించి, మళ్ళీ రాళ్ళలోకి మాయమవుతాయి.

పైకి వచ్చాక గుహల పక్క చేలో ఒక రైతు కందికి నేల దున్నుతున్నాడు. ఏం పని మీద వచ్చారని అడిగితే, రికార్డు చేసిన బొట్లు వినిపించాం.

“ఇది మా నేల కిందేనా?”

“మీ చేలో పడిన వానే అన్నా” అన్నాడు తమ్ముడు.

“ఆ కింద పారే నీళ్ళు మా ఊరి బావిలోకి వస్తాయని పెద్దోళ్ళు అనేవాళ్ళు” అని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చేను మూలకు చెయ్యి చూపించాడు. ఈసారి అక్కడ మందు కొట్టకుండా పెంట మాత్రమే వేశాడట. ఆ మూలన ఒకటి, గట్టుకు అవతల ఒకటి, రెండు చోట్ల కడ్డీ దించి వినిపించమన్నాడు. తాడిపత్రి బస్సుకు ఇంకా టైముంది. తమ్ముడు బ్యాగు విప్పాడు.