ఇంట్లోనే గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చాను: నా అనుభవం

ఇంజిన్ ఆయిల్ చాలాసార్లు మార్చాను గానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జోలికి ఎప్పుడూ పోలేదు. ఈమధ్య పార్క్ నుంచి డ్రైవ్‌లోకి వేస్తే కారు ఒక్క క్షణం ఆగి కదలడం మొదలైంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి తెల్ల కాగితం మీద తుడిచాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ ముదురు గోధుమ రంగుకి తిరిగింది. కాలిన వాసన మాత్రం లేదు. ఆ వాసన వస్తే లోపల క్లచ్ ప్లేట్లు మాడి ఉండొచ్చు, అప్పుడు ఆయిల్ మార్చినా బాగుపడదు. అందుకే కాస్త ధైర్యం వచ్చింది.

ఆయిల్ కొనే ముందు మాన్యువల్ తీసి చూడండి. డెక్స్‌రాన్ 6, మెర్కాన్ ఎల్‌వీ, టయోటా డబ్ల్యూఎస్ అన్నీ ఏటీఎఫ్‌లే (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిళ్లే) అయినా, మీ గేర్‌బాక్స్‌కి రాసిన రకమే పోయాలి. బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీ గేర్‌బాక్స్‌కి అసలు వేరే ఆయిలే ఉంటుంది.

కారు కాసేపు తిప్పి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగా పని మొదలుపెట్టాను. చదునైన నేల, చక్రాలకు అడ్డు, నాలుగు వైపులా స్టాండ్లు. ఒట్టి జాకీని నమ్ముకుని మాత్రం కింద దూరకండి.

నా గేర్‌బాక్స్‌కి ఆయిల్ వదలడానికి డ్రైన్ బోల్టు లేదు, అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, అంటే పాన్, దించాల్సిందే. వెనక వైపు బోల్టులు తీసేసి, ముందువి కొద్దిగా వదులు చేస్తే పాన్ ఒక పక్కకి వాలి ఆయిల్ ట్రేలోకి దిగింది. కొలిస్తే 4.2 లీటర్లు. మిగతాది ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది, పాన్ దించినంత మాత్రాన రాదు. ఎంత వచ్చిందో రాసిపెట్టుకోండి, తర్వాత లెక్కకి అదే ఆధారం.

పాన్ అడుగున అయస్కాంతాలకి నల్లటి పేస్టు పట్టి ఉంది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాను. కాటుకలా మెత్తగా ఉంది, గరుకుగా ఏ ముక్కా తగల్లేదు. అది మామూలు అరుగుదలే. లోహపు ముక్కలు కనిపించి ఉంటే పని అక్కడే ఆపేసి మెకానిక్‌ని పిలిచేవాణ్ణి.

అసలు టెన్షన్ ఫిల్టర్ దగ్గర వచ్చింది. పాతది లాగితే వచ్చేసింది, కొత్తది ఎంత నొక్కినా లోపలికి వెళ్లలేదు. టార్చి వేసి చూస్తే పాత సీల్ పైన రంధ్రంలోనే అతుక్కుని ఉంది! బలంగా గుచ్చి తీస్తే రంధ్రం గోడ గీరుకుపోతుంది, ఆ గీత గుండా పంపు గాలి పీలుస్తుంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో సీల్ అంచుని లోపలికి మడిచి, ముక్కుపటకారుతో పట్టి, మెల్లగా తిప్పుతూ లాగాను. నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత కొత్త సీల్‌కి కొంచెం ఏటీఎఫ్ రాసి నొక్కితే ఫిల్టర్ ఒక్కసారికే కూర్చుంది.

పాన్ అంచున లీకు ఆపే పాత గాస్కెట్‌ని ప్లాస్టిక్ గోకుడుతోనే తీశాను, అల్యూమినియం మీద ఇనుము వాడితే గీతలు పడతాయి. బోల్టులు ఎదురెదురుగా, టార్క్ రెంచితో, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాను. చిన్న బోల్టులు, కాస్త ఎక్కువైనా మర పోతుంది.

ముందు 4 లీటర్లు పోసి, ఇంజిన్ ఆన్ చేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని ఒక్కో గేరులో కొన్ని సెకన్లు ఉంచి పార్క్‌కి తెచ్చాను. వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ చూసి, మరో 200 మిల్లీలీటర్లు కలిపాను. కొన్ని కార్లకి ఇంజిన్ ఆపి చూడాలి, అది మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువ పోస్తే ఆయిల్ నురగ కట్టి ప్రెషర్ పడిపోతుంది. డిప్‌స్టిక్ లేని కార్లయితే పాత ఆయిల్ తీసే ముందే, కొత్త ఆయిల్ పోసే రంధ్రానికి ఉండే ఫిల్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోయి ఉంటే ఖాళీ గేర్‌బాక్స్‌తో ఇరుక్కుపోతారు.

రాత్రి కారు కింద అట్టముక్క పరిచాను. పొద్దున చూస్తే ఒక్క చుక్క లేదు. ఇప్పుడు డ్రైవ్‌లోకి వేయగానే కదులుతోంది. పాతది కలవడంతో రంగు ఇంకా పూర్తి ఎరుపు కాలేదు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక మరోసారి పాన్ దించి ఆయిల్ మారుస్తాను, ఫిల్టర్ మాత్రం ఇదే ఉంచుతాను.