వాళ్లకి గిట్టుబాటవుతుందా?

"నీకు ప్రతిదీ చివరికి డబ్బు దగ్గరికే వస్తుందా?" అన్నాడు మా టీమ్ లీడ్. ఆఫీసు కిచెన్‌లో టీ పెట్టుకుంటూ, నవ్వుతూనే చురక అంటించాడు. నేనడిగింది ఒక్క ప్రశ్న. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టిన 65డేస్‌ఆఫ్‌స్టాటిక్ అనే బ్యాండ్ గురించి ఆయన చాలాసేపటి నుంచి చెబుతున్నాడు. 2001 నుంచి వాయిస్తున్నారట, పాడేవాళ్లెవరూ లేరట, గిటార్లు, కీబోర్డు, డ్రమ్స్, కంప్యూటర్, అంతేనట. అంతా విని "మరి వాళ్లకి గిట్టుబాటవుతుందా?" అన్నాను. ఆ మాటకే ఆయన ముఖం మారిపోయింది. ఏదో గుడి ముందు చెప్పులతో నిలబడ్డవాణ్ని చూసినట్టు చూశాడు.

ఆయన మంచివాడే, నేను కొత్తగా చేరినప్పుడు ఇల్లు దొరకక తిరుగుతుంటే తన కారులో తిప్పి చూపించిన మనిషి. అందుకే ఆ మాట ఇంకాస్త గుచ్చుకుంది. డబ్బు మనిషినని ముద్ర పడిపోయిందే అని రాత్రంతా అదే ఆలోచన.

నిజమే, ఇక్కడ బ్రిటన్‌లో మన బతుకు లెక్కల మీదే నడుస్తుంది. చదువు కోసం తీసిన లోను ఒక పక్క, వీసాతో పాటే ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున అన్నేళ్లకీ ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టాల్సిన హెల్త్ సర్‌చార్జ్ ఇంకో పక్క. 2024 ఏప్రిల్‌లో మనబోటి ఉద్యోగులకిచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి ఉండాల్సిన కనీస వార్షిక జీతాన్ని 26,200 పౌండ్ల నుంచి ఒక్కసారిగా 38,700కి పెంచినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుండే ఉంటుంది. ఇక్కడే పుట్టినవాడికి జీతం తగ్గితే ఖర్చు తగ్గించుకుంటాడు, మనకి తగ్గితే పెట్టె సర్దుకోవాలి. ఇలా బతికేవాడు ఎవరి గురించైనా ముందు ఏం అడుగుతాడు?

కానీ నా ప్రశ్న అక్కడి నుంచి రాలేదు, ఆ సంగతి ఆయనకి ఇంగ్లీషులో విడమర్చి చెప్పడం నా వల్ల కాలేదు. మాది ఒంగోలు వైపు. మాటల్లేకుండా ఊది, కొట్టి బతికే మనుషుల్ని చూస్తూ పెరిగాం. మాఘం, ఫాల్గుణంలో సన్నాయి మేళం వాళ్లకి నిద్ర ఉండదు, ఒక పెళ్లిలో గట్టిమేళం అయ్యీ అవ్వగానే ఇంకో ఊరికి ఆటో ఎక్కేవాళ్లు. మూఢం వచ్చిందా, ఆషాఢం వచ్చిందా, చేతిలో పని ఉండదు. మా వీధి చివర డోలు కొట్టే ఆయన ఆ నెలల్లో సెలూన్‌లో కూర్చునేవాడు. "ముహూర్తాలు ఎప్పటి నుంచీ?" అని మా నాన్న ఆయన్ని అడిగేవాడు. అది ఆరా తీయడం కాదు, ఇల్లు గడుస్తుందా అని పలకరింపు. మా పక్కనే కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు నాదస్వరంతో పద్మశ్రీ దాకా వెళ్లారు, ఆయన కూడా కరవదిలో ఉండిపోలేదు, శ్రీరంగం వెళ్లి స్థిరపడ్డారు. అంత విద్వాంసుడికే ఊరు మారాల్సి వచ్చిందంటే మిగతావాళ్ల సంగతి ఆలోచించండి. వాయించేవాణ్ని చూడగానే ఆషాఢంలో ఏం తింటాడు అనిపించడం మాకు అలవాటు. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

పంతం కొద్దీ వాళ్ల ఆల్బమ్‌లన్నీ వరసగా విన్నాను, ట్రామ్‌లో, గిన్నెలు కడుగుతూ. 2004లో వచ్చిన మొదటిది, ద ఫాల్ ఆఫ్ మ్యాత్, సగం దాకా కూడా ఒక్కసారిగా వినలేకపోయాను. డ్రమ్స్ మిషన్‌లో ఏదో విరిగినట్టు చిటపటలు, దాని మీద గిటార్ల హోరు. మరుసటి ఏడాది ఆల్బమ్‌లో రేడియో ప్రొటెక్టర్ అని ఒకటుంది. పియానో ఒక్కటే మొదలవుతుంది, చిన్న ముక్క, తిరిగి తిరిగి అదే. ఇక డ్రమ్స్ రావేమో అనుకునేసరికి వస్తాయి, పియానో మాత్రం తన దారి మార్చుకోదు, చుట్టూ ఎంత గోల పెరిగినా ఆ ముక్క పట్టుకునే ఉంటుంది. ఆ పాట మీద నాకేం ఫిర్యాదు లేదు. అమ్మకి ఫోన్‌లో వినిపిస్తే కాసేపు ఓపిగ్గా విని "పాట ఎప్పుడు మొదలవుద్ది?" అంది. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. సన్నాయి మీద ఎందరో మహానుభావులు వస్తుంటే మాటలు మన లోపల నడుస్తూనే ఉంటాయి, వీళ్ల దగ్గర పట్టుకోవడానికి అలాంటి ఆధారం ఏదీ ఉండదు.

ఇక గిట్టుబాటు సంగతి. నేను వెతికింది అదే కాబట్టి దాచడం ఎందుకు? 2008లో ద క్యూర్ లాంటి పెద్ద బ్యాండ్ వీళ్లని తమ కచేరీల ముందు వాయించడానికి యూరప్, అమెరికా తిప్పింది. రెండేళ్ల తర్వాత వచ్చిన ఆల్బమ్‌లో ఆ బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ వీళ్ల పాటకి గొంతు కూడా ఇచ్చాడు. మన దగ్గరైతే అక్కడి నుంచి రేటు పెరిగి ఉండాలి. వీళ్లు ఏం చేశారు? 1972 నాటి సైలెంట్ రన్నింగ్ అనే పాత సైన్స్ ఫిక్షన్ సినిమాకి కొత్తగా సంగీతం కట్టుకుని తెర ముందు వాయించారు, 2011లో దాన్ని రికార్డు చేయడానికి శ్రోతల దగ్గరే చందాలు పోగుచేశారు. అంటే గిట్టుబాటు గురించి నాకంటే ముందు ఆలోచించింది వాళ్లే! కళకి డబ్బు మాట అంటదని మా లీడ్ అనుకుంటున్నాడు గానీ, ఆ కళ చేసేవాళ్లకి ఆ సుఖం లేదు.

అసలు అదృష్టం గేమ్ రూపంలో వచ్చింది. గిల్డ్‌ఫర్డ్‌లోని హెలో గేమ్స్ అనే కంపెనీ వాళ్లు తమ వీడియో గేమ్ నో మ్యాన్స్ స్కై మొదటి ట్రైలర్‌కి 2013లో వీళ్ల డెబ్యుటాంట్ అనే పాట వాడుకున్నారు, అది చివరికి మొత్తం గేమ్‌కి సంగీతం చేసే పని అయింది. పద్దెనిమిది పక్కన ఇంకో పద్దెనిమిది సున్నాలు పెడితే ఎన్నో అన్ని గ్రహాలున్న గేమ్ అది. ఎవడు ఏ గ్రహం మీద ఎంతసేపు తిరుగుతాడో తెలియనప్పుడు నాలుగు నిమిషాల పాట ఏం పనికొస్తుంది? అందుకని పాటల్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి ఇచ్చారు, ఆడేవాడి కదలికని బట్టి గేమే వాటిని అల్లుకుంటుంది. 2016లో గేమ్ వచ్చినప్పుడు ప్రపంచమంతా దాని గురించే మాట్లాడింది.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఆ తర్వాతి సంగతి. అంత పేరొచ్చాక నేనైతే ఇంకో రెండు గేమ్‌లు ఒప్పుకుని, పాత హిట్‌లతో టూర్ వేసి, అప్పులు తీర్చేసుకునేవాణ్ని. వీళ్లు మాత్రం డీకంపోజిషన్ థియరీ అని పేరు పెట్టి, జనానికి తెలిసిన పాట ఒక్కటీ వాయించకుండా, కంప్యూటర్ ప్రోగ్రాములతో అక్కడికక్కడే పుట్టే సంగీతంతో కచేరీలు చేశారు. టికెట్ కొని వెళ్లి రేడియో ప్రొటెక్టర్ కోసం చూసినవాళ్ల పరిస్థితి ఏమిటో! 2021లో రెకేజ్ సిస్టమ్స్ అని, ప్రోగ్రాములే అల్లుకుంటూ పోయే సంగీతాన్ని నెట్‌లో ఆగకుండా వదిలారు. ఖర్చుకి మళ్లీ శ్రోతల నెలవారీ చందాలే. ఒకసారి గెలిచినదాన్ని పక్కనపెట్టి మళ్లీ మొదటికి వెళ్లే ధైర్యం నాకు కోపం తెప్పిస్తుంది, అందులో కొంత అసూయ అని కూడా తెలుసు. వేరే రకం పనిలోకి మారదామంటే వీసాకి కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్, కంపెనీ మారదామంటే స్పాన్సర్‌షిప్, ఇష్టం లేని ప్రాజెక్టులోనే నెలలకి నెలలు గడిపేస్తున్నవాడికి అలా అనిపించకుండా ఉంటుందా? పోనీ వాళ్లు పడితే వాళ్ల ఊళ్లోనే పడతారు, నేను పడితే ఎక్కడ పడతానో వీసాలు చూసే హోం ఆఫీసు చెబుతుంది.

మొన్న పబ్‌లో ఇదంతా మా లీడ్‌కి చెప్పాను, మూఢం, ఆషాఢం సంగతితో సహా. ఓపిగ్గా విన్నాడు. తనూ వాళ్లకి నెలనెలా చందా కడుతున్నాడట, ఎంతో మాత్రం చెప్పలేదు. "చూశావా, వాళ్లకి గడవాలనేగా కడుతున్నావ్" అంటే అది వేరే విషయం అన్నాడు. ఎలా వేరో ఇంకా తేలలేదు, వచ్చే శుక్రవారం మళ్లీ ఆ పంచాయితీ ఉంది.

వినాలనుకునేవాళ్లు 2013లో వచ్చిన వైల్డ్ లైట్‌తో మొదలుపెట్టండి, డెబ్యుటాంట్ ముందు ఏ ఆల్బమ్‌లో వచ్చిందో అని వెతుక్కునేవాళ్లకి 2010 నాటి వి వర్ ఎక్స్‌ప్లోడింగ్ ఎనీవే. ద ఫాల్ ఆఫ్ మ్యాత్ మాత్రం నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పెట్టుకోకండి.