పులికాట్‌లో రాజహంసలను చూడాలంటే

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మీదుగా వెళ్లే రోడ్డుకు ఇరువైపులా శీతాకాలంలో రాజహంసలు (ఫ్లెమింగోలు) మేత మేస్తూ కనిపిస్తాయి. రోడ్డు పడమర నుంచి తూర్పుకు సాగుతుంది కనుక, సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉండే ఈ నెలల్లో ఉత్తరం వైపు నీళ్లను చూస్తేనే వెలుతురు మన వీపు వెనుక ఉండి, పక్షుల రంగులు స్పష్టంగా తెలుస్తాయని ఒక మిత్రుడు చెప్పిన మాట నాకు ఎంతో ఉపకరించింది.

మొన్న ఒక రాజహంసను చాలాసేపు గమనించాను. అది మెడ వంచి, ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, కాళ్లతో బురదను కలియబెడుతూ మెల్లగా నడిచింది. ఏదో అలికిడికి రెక్కలు విప్పినప్పుడు గులాబీ రంగు, దాని అంచున నలుపు ఒక్కసారిగా బయటపడ్డాయి. ఫొటో కోసం కొందరు నీళ్లలోకి దిగడంతో గుంపంతా లేచిపోయింది. మేత సమయంలో వాటిని అలా బెదరగొట్టడం అన్యాయం; దయచేసి రోడ్డు మీదనే ఉండి బైనాక్యులర్‌తో చూడండి.

అక్కడికి దగ్గరలోనే ఉన్న నేలపట్టు పక్షుల అభయారణ్యానికి కూడా వెళ్లండి. అక్కడి చెరువులోని కడప చెట్లపై గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి. వాటి రెట్టలు కలిసిన నీరు పొలాలకు బలమని నమ్మే ఊరివాళ్లు వాటిని ఎంతో ఆప్యాయంగా కాపాడుకుంటున్నారు.