ఎండీ జీతం పెరిగింది సరే, అమ్మకాలు ఎంత పెరిగాయి?

లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికలో, బోర్డు రిపోర్టుకు అనుబంధంగా ఒక చిన్న పట్టిక ఉంటుంది. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 197(12) ప్రకారం అది ఇచ్చి తీరాలి. ప్రతి డైరెక్టరు జీతం ఉద్యోగుల మధ్యస్థ జీతానికి (అందరి జీతాలనూ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎన్ని రెట్లో, నిరుటి కంటే ఎంత శాతం పెరిగిందో అందులో దొరుకుతుంది. ఆ పెంపును కంపెనీ పనితీరుతో పోల్చి చూపాలన్న నిబంధన 2014లో వచ్చింది, 2016లో పోయింది. అది ఉండాల్సింది. ఇప్పుడు ఆ లెక్క వాటాదారే కట్టుకోవాలి.

ఐదేళ్ల నివేదికలు ముందు పెట్టుకోండి. ఒక వరుసలో ఎండీ మొత్తం జీతభత్యాలు, ఇంకో వరుసలో ‘రెవెన్యూ ఫ్రమ్ ఆపరేషన్స్’ రాయండి. ‘టోటల్ ఇన్‌కమ్’ తీసుకోవద్దు, అందులో వడ్డీ, డివిడెండ్లు కూడా కలిసి ఉంటాయి. ఉదాహరణకు, నాలుగేళ్లలో అమ్మకాలు 1,000 కోట్ల నుంచి 1,400 కోట్లకు, జీతం 3 కోట్ల నుంచి 6 కోట్లకు చేరాయనుకుందాం. చక్రవృద్ధి లెక్కన అమ్మకాలు ఏటా 8.8%, జీతం 18.9% పెరిగినట్టు.

ఈ తేడా నిజమైనదేనా అన్నది తేల్చడమే అసలు పని. అక్టోబరులో చేరిన ఎండీకి ఆరు నెలలకు 1.5 కోట్లు, మరుసటి ఏడాది 3.3 కోట్లు ఇస్తే పెంపు 120% అని కనిపిస్తుంది. మొదటి ఏడాదిని పన్నెండు నెలలకు లెక్కగడితే అది 10 శాతమే. ఈసాప్స్, అంటే కంపెనీ షేర్లను ముందే ఖాయం చేసిన ధరకు కొనుక్కునే హక్కులు (ఆప్షన్లు), ఇంకా పెద్ద చిక్కు. ఏళ్ల తరబడి పోగైన షేర్ల లాభం, ఆప్షన్లు వాడుకున్న ఒక్క ఏడాదిలోనే వచ్చి పడుతుంది. దాన్ని విడిగా ఇంకో వరుసలో వేయండి, లేకపోతే జీతం అంకె ఒక ఏడాది ఆకాశానికి, మరుసటి ఏడాది పాతాళానికి పోతుంది.

అమ్మకాల వైపూ ఇలాంటివి ఉన్నాయి. వేరే కంపెనీని కొంటే దాని టర్నోవరూ కలుస్తుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా తయారీ కంపెనీల అమ్మకాల్లో ఎక్సైజు సుంకం కలిసి ఉండేది, కాబట్టి పాత అంకెల్లోంచి దాన్ని తీసేసి పోల్చాలి.

లాభానికీ ఒక వరుస తప్పనిసరి. ఎండీ కమీషన్ చాలాచోట్ల నికర లాభం మీద కడతారు, అమ్మకాలు కదలకపోయినా అది పెరగొచ్చు. జీతం రెండింటినీ దాటి పరిగెడుతుంటే మాత్రం బోర్డును గట్టిగా అడగాలి.

అడగడానికి చోటూ ఉంది. ప్రమోటర్ (కంపెనీని తమ అదుపులో ఉంచుకున్నవారు) అయిన ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు ఒక్కరికే ఏడాదికి 5 కోట్లు లేదా నికర లాభంలో 2.5%, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని మించి ఇవ్వాలంటే స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం ప్రత్యేక తీర్మానం కావాలి. అంటే వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూలంగా పడాలి. ఏజీఎం (వాటాదారుల వార్షిక సమావేశం) నోటీసు రాగానే ఆ తీర్మానం కింది వివరణ చదివి, మీ పట్టిక పక్కన పెట్టుకుని ఈ-ఓటింగ్ గడువులోపు ఓటేయండి.