పంపు లారీ కాలు, నా పాత సెప్టిక్ ట్యాంకు

నిన్న మా ఇంటి మొదటి స్లాబు పూర్తయింది. ఉదయం ఏడింటికి మొదలై పదికల్లా ముగియవలసిన పని ఒంటిగంట దాటింది. ఆ మూడు గంటలు ఎవరి పుణ్యాన పోయాయో వీధి మొత్తానికి తెలుసు కాబట్టి నేనే రాసేయడం మేలు.

విశాఖ ఉక్కు కర్మాగారంలో 31 ఏళ్లు క్రేన్ల మరమ్మతు చూసి రిటైరయ్యాను. భద్రత గురించి నాకు ఎవరూ చెప్పనవసరం లేదని మొన్నటి దాకా నా నమ్మకం. పి.ఎం. పాలెంలో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టిస్తున్నాను. స్లాబుకు, దూలాలకు కలిపి 30 ఘనపు మీటర్ల రెడీమిక్స్, అంటే ప్లాంటులోనే కలిపి మిక్సర్ లారీల్లో తెచ్చే కాంక్రీటు. దాన్ని పైకి పోయడానికి 36 మీటర్ల బూమ్ పంపు, అంటే గొట్టం మోసే పొడవాటి మడత చెయ్యి ఉన్న పంపు లారీ. బుకింగు ఒక్క ఫోనుతో అయిపోయింది.

నా కోపం అక్కడే. సేల్స్ కుర్రవాడు ఎన్ని ఘనపు మీటర్లు, ఏ గ్రేడు, అడ్వాన్సు ఎప్పుడు అని మూడు ప్రశ్నలు అడిగాడు. లారీ ఎక్కడ నిలుస్తుంది, నేల ఎలాంటిది, పైన తీగలున్నాయా అని ఒక్క ముక్క అడగలేదు. ముందురోజు ఎవరైనా వచ్చి చూస్తారా అంటే ఫొటో పంపమన్నాడు. నేల కింద ఏముందో ఫొటోలో కనిపిస్తుందా?

ఆపరేటరు శ్రీకాకుళం వైపు కుర్రవాడు, ముప్పై ఏళ్లు నిండి ఉండవు. లారీ దిగగానే తల పైకెత్తాడు. వీధికి అవతల 11 కె.వి. (పదకొండు వేల వోల్టుల) కరెంటు తీగలు. బూమ్‌ను అటు తిప్పననీ, తీగకు ఆరు మీటర్ల లోపుకు రానివ్వననీ చెప్పాడు. తగలనవసరం లేదట, దగ్గరికి వెళితే చాలు, కరెంటే దూకుతుందట. ఇది నాకూ తెలిసిన సంగతే కాబట్టి పెద్దమనిషిలా తల ఊపాను. మా వీధి కొండవాలు. లారీ మూడు డిగ్రీలకు మించి ఒరగకూడదంటూ మట్టం బుడగ చూపించాడు. దానికీ తల ఊపాను.

ఆ తర్వాత, లారీ ఒరగకుండా పక్కలకు చాచి నేలకు ఆనించే నాలుగు ఇనుప కాళ్లలో కుడి ముందు కాలు వంతు వచ్చింది. ప్రహరీ ఇంకా కట్టలేదు కనుక అది మా స్థలంలోకే చాచుకుంటుంది.

"ఇక్కడ నేల గట్టిదేనా సార్?"

"రాయిలాంటిది బాబూ."

అతను నా మాట నమ్మకుండా గునపం అడిగాడు. రెండు పోట్లకు అది సగం దాకా దిగిపోయింది, బియ్యం బస్తాలోకి చెయ్యి దిగినట్టు.

"ఏం పూడ్చారు సార్ ఇక్కడ?"

"ఏమీ లేదు, ఇల్లు పడగొట్టినప్పుడు కాస్త మట్టి ఎత్తాం."

సరిగ్గా అప్పుడే మా ఆవిడ టీ ఫ్లాస్కుతో వచ్చింది. "ఏమండీ, పాత సెప్టిక్ ట్యాంకు అక్కడే కదా! మీరే దగ్గరుండి పగిలిన ఇటుకలతో పూడ్పించారు!"

పద్దెనిమిది మంది కూలీలు, మేస్త్రీ, అప్పటికే వచ్చి నిలబడ్డ ఇద్దరు మిక్సర్ డ్రైవర్లు నావైపు చూశారు. నేను గునపం వైపు చూశాను.

మేస్త్రీ ఊరుకోకుండా, కాలి కింద నాలుగు ఇటుకలు పరిచేద్దామన్నాడు. కుర్రవాడు సిమెంటు సంచి తిరగేసి పెన్సిలుతో లెక్క వేశాడు. బూమ్ ఒక పక్కకు చాచితే ఆ పక్క కాలి మీద ఇరవై టన్నుల దాకా పడుతుంది. కాలి కింద ఉండే అడుగున్నరకు అడుగున్నర పళ్లెం మీద అది చదరపు సెంటీమీటరుకు పది కిలోలు. మీటరుకు మీటరు చెక్క దిమ్మలు పేరిస్తే రెండు కిలోలు. "గట్టి నేల ఆ రెండు కిలోలు మోస్తుంది సార్. ఈ పూడిక అదీ మోయదు. ఇటుక ఒక్కటి చిట్లినా కాలు కుంగుతుంది."

భాగహారం నాకు రానిది కాదు. అందుకే మరీ మండింది. లోడు చేసిన రెండు గంటల్లో కాంక్రీటు పోయాలి, ఆలస్యమైతే నష్టం నీదేనా అని గొంతు పెంచాను. అతను మాత్రం గొంతు పెంచలేదు. "కాంక్రీటు పోతే డబ్బు పోతుంది. బూమ్ పడితే దాని కింద ఈ పద్దెనిమిది మందీ ఉంటారు. మీ కర్మాగారంలో ఇలాగే చేసేవారా సార్?"

ఆ మాటకు రాత్రి నిద్ర పట్టలేదు. నా క్రేన్లన్నీ పట్టాల మీద నడిచేవి. వాటి కింద నేల ఎలా ఉందని 31 ఏళ్లలో నేను ఒక్కసారీ అడగవలసి రాలేదు.

నాలుగు కాళ్లూ మడిచి లారీని వీధి వాలులో నాలుగు మీటర్లు పైకి జరిపారు. అక్కడ కొత్తగా తవ్విన సంపు గుంట అడ్డు. గుంట ఎంత లోతో అంచు నుంచి కనీసం అంత దూరం, పూడిక నేలైతే రెండింతలు ఉండాలని మళ్లీ టేపు పట్టాడు. కాళ్లు పూర్తిగా చాచి, చెక్క దిమ్మలు అడ్డంగా నిలువుగా పేర్చేసరికి మొదటి మిక్సరుకు గడువు దాటింది. ఆరు ఘనపు మీటర్ల సరుకు వెనక్కి పోయింది. బిల్లు నాకే.

పోయడం మాత్రం గంటన్నరే. మొదట్లో మా బావమరిది వీడియో తీయడానికి గొట్టం కొన దగ్గరికి వెళితే ఆపరేటరు పంపు ఆపేశాడు. లోపల గాలి ఉంటే గొట్టం కొరడాలా కొడుతుందట. ఒక కూలీ హాపరు (మిక్సరు కాంక్రీటు పోసే పంపు తొట్టి) మీది జాలీ ఎత్తబోతే మళ్లీ ఆపాడు. ఈసారి నేను కూడా కేకలు వేశాను, అతనికంటే గట్టిగా.

ఇల్లు కట్టేవాళ్లు ముందురోజే పంపు ఆపరేటరుతో నేరుగా మాట్లాడండి, సేల్స్ వాళ్లతో కాదు. పాత బావి, ట్యాంకు, పైపు కందకం, ఏది పూడ్చినా చెప్పేయండి. మీరు చెప్పకపోతే మీ ఇంటావిడ చెబుతుంది. పంపు కడిగిన నీళ్లు ఎక్కడ పోయాలో కూడా ముందే చూసుకోండి. ఆ విషయంలో పక్కింటివాళ్లతో నా గొడవ ఇంకా తేలలేదు.

రెండో స్లాబు వచ్చే నెల. అదే కుర్రవాడిని పంపమని చెప్పి నంబరు గోడ క్యాలెండరు మీద రాసుకున్నాను. ఈ ఉదయం ట్యాంకు ఉన్న చోట సున్నంతో గుండ్రంగా గీత గీయించాను. గునపం ఇంకా అక్కడే ఉంది, మా ఆవిడ తీయనివ్వడం లేదు.