చిటుక టీకా: ఈసారి సూది నా చేతిలోనే

నిన్న గొర్రెపిల్లలకు రెండో డోసు కూడా వేసేశాను. మందకంతా చిటుక రోగం టీకా పూర్తయింది. తొలకరి పడకముందే ఈ పని కావాలి. కొత్త పచ్చిక ఆబగా మేస్తే పేగుల్లో ఈ రోగం తెచ్చే సూక్ష్మజీవి ఒక్కసారిగా పెరిగి విషం వదులుతుంది. రాత్రి బాగున్న పిల్ల తెల్లారేసరికి ఉండదు, అందులోనూ బాగా బలిసిందే ముందు పోతుంది. కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాపించడం, ఐసు డబ్బాలో టీకా తేవడం పెద్ద పనేం కాదు.

గొడవంతా సూది దగ్గరే. పోయినేడు టీకా వేయడానికి మా ఊరికి వచ్చినాయన గొర్రెను సరిగ్గా పట్టుకోనివ్వకుండానే తొడ కండలో పొడుచుకుంటూ పోయాడు. మందంతటికీ ఒకటే సూది. మార్చమని అడిగితే "గొర్లు కాసుకునేటోడివి, నాకు నేర్పుతావా?" అన్నాడు, పదిమంది ముందర. ఆ తర్వాత ఎన్నింటికో చీముగడ్డలు, కుంటుడు. ఆ గడ్డలు కడిగింది నేను, ఆయన కాదు.

అందుకే పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ దగ్గర నిలబడి పని నేర్చుకున్నాను. ఈ టీకా పడాల్సింది చర్మానికీ కండకూ మధ్యన. మా తమ్ముడు గొర్రెను గోడకు ఆనించి కాళ్ల మధ్య పట్టుకుంటాడు. భుజం వెనక, ఉన్ని పలుచగా, పొడిగా ఉన్నచోట చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగితే గుడారంలా లేస్తుంది. దాని మొదట్లో, నిలువుగా కాకుండా ఒంటికి వాలుగా సూది గుచ్చాలి. సరిగ్గా పడితే కొన లోపల తేలిగ్గా కదులుతుంది, మందు అడ్డం లేకుండా దిగుతుంది. అవతల ఉన్ని తడిసిందంటే సూది బయటికొచ్చిందని అర్థం, ఆ డోసు పోయినట్టే. పొట్టేళ్ల చర్మం వేళ్లకు అసలు లొంగదు, వాటితోనే నాకు చెమటలు పట్టాయి.

సీసా మూతకు ఒక సూది గుచ్చి అలాగే ఉంచండి, మందు దానితోనే తీయండి. గొర్రెకు గుచ్చిన సూది మళ్లీ సీసాలోకి పోకూడదు. తీసే ముందు ప్రతిసారీ సీసా ఊపాలి. డోసు సీసా మీద రాసినంతే వేయాలి. చూడి గొర్రెలను మెల్లగా పట్టుకోండి.

వేసిన చోట చిన్న గట్టి ముద్ద వస్తే భయపడకండి, మెల్లగా తగ్గిపోతుంది. వేడిగా, మెత్తగా ఉబ్బితే మాత్రం చీము పడుతున్నట్టు, డాక్టరుకు చూపించండి.

నా మందలో ఈసారి ఒక్కదానికీ చీము పట్టలేదు. ఆ మనిషి మళ్లీ ఊళ్లోకి వస్తే, సూదులు మారుస్తానంటేనే నా గొర్రెను ముట్టనిస్తాను.